ఆన్సీని చూడాలంటే నీటి వెంట నడవండి

జెనీవాకో లియోన్‌కో వచ్చిన మనవాళ్లలో చాలామంది, ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గరున్న ఆన్సీ అనే ఊరిని ఒక్క పూటలో ముగిస్తారు. పదకొండింటికి బస్సు దిగుతారు. కాలువ మధ్యలో ఓడ ముక్కులా నిలబడ్డ రాతి భవనం ముందు ఫొటో తీసుకుంటారు. ఐస్‌క్రీం తిని నాలుగింటికి తిరుగు బస్సు ఎక్కుతారు. ఆ వేళల్లో అక్కడ ఊరికన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. లియోన్‌లో ఉన్న రోజుల్లో నేను చాలాసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లు ఈ పొరపాటే చేశాను. మూడోసారి అమ్మానాన్నలతో వెళ్లి అక్కడే రెండు రాత్రులు ఉన్నాక గానీ ఆ ఊరు నాకు అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆన్సీ పక్కన సుమారు 14 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. చుట్టుపక్కల కొండల వాగులన్నీ అందులోకే దిగుతాయి. ఆ నీరు బయటికి పోయేది మాత్రం ఊరి మధ్య నుంచే, తియూ అనే చిన్న నది రూపంలో. దాని పొడవు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఊరు దాటగానే ఫియేర్ నదిలో, ఆ తరువాత రోన్ నదిలో కలిసిపోతుంది. కోట, చెరసాల, మిల్లులు, ఇళ్లు అన్నీ ఈ కాస్త నీటిని పట్టుకుని వెలిసినవే. నీరు ఏ వరుసలో నడిచిందో మీరూ ఆ వరుసలోనే నడిస్తే ఊరి కథ దానంతటదే విప్పుకుంటుంది.

ఎప్పుడు వెళ్లాలి

మే చివర, జూన్ మొదట్లో లేదా సెప్టెంబరులో వెళ్లండి. జులై, ఆగస్టుల్లో సరస్సులో ఈత కొట్టడానికి నీళ్లు హాయిగా ఉంటాయి గానీ సందుల్లో భుజం భుజం రాసుకుంటుంది. జూన్‌లో అంతర్జాతీయ యానిమేషన్ చిత్రోత్సవం ఉంటుంది, 1960 నుంచి జరుగుతోంది. ఆ వారంలో గదులు దొరకడం కష్టం. ఆ చిత్రాల మీద ఇష్టముంటే మాత్రం అదే వారంలో వెళ్లండి, సాయంత్రాలు సరస్సు ఒడ్డున పచ్చికలో కూర్చుని పెద్ద తెర మీద సినిమా చూడవచ్చు. ఆగస్టు మొదటి శనివారం సరస్సు పండుగ, బాణసంచా. 1860లో ఈ ఊరున్న సవోయ్ ప్రాంతం ఫ్రాన్స్‌లో కలిశాక చక్రవర్తి మూడో నెపోలియన్ భార్యతో కలిసి ఈ ఊరు వచ్చినప్పుడు నీటి మీద జరిగిన స్వాగత వేడుకే దానికి మూలం. అన్నట్టు, అంతవరకూ ఈ ఊరు ఫ్రాన్స్‌ది కాదు. మీరు చూడబోయే పాత గోడలన్నీ జెనీవా ప్రభువులవి, సవోయ్ వంశం వారివి. జెండాల మీద సవోయ్ గుర్తయిన ఎర్ర నేలపై తెల్ల శిలువ ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రయాణం

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే వీసా కావాలి. ఎక్కువ రాత్రులు ఫ్రాన్స్‌లో గడిపేటట్టయితే ఫ్రాన్స్ వీసాకే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. వేసవికైతే రెండు మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించేదిగా ఉండాలి.

అన్నిటికన్నా దగ్గరి విమానాశ్రయం జెనీవా. అది స్విట్జర్లాండ్‌లో ఉన్నా ఆ దేశం కూడా షెంగెన్‌లోదే కాబట్టి వేరే వీసా అక్కర్లేదు. అక్కడ వాడుకలో ఉన్నది స్విస్ ఫ్రాంక్ అన్నది మాత్రం మరవకండి. ఆన్సీలో యూరోలే. జెనీవా నుంచి బస్సులో గంట, గంటన్నర. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి నేరుగా వచ్చే టీజీవీ అనే వేగపు రైలు నాలుగు గంటల లోపే చేరుస్తుంది. లియోన్ నుంచి ప్రాంతీయ రైలు సుమారు రెండు గంటలు. టీజీవీ టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. ప్రాంతీయ రైలుకు ఆ తొందర అవసరం లేదు. టికెట్ కిటికీ దగ్గర, బస్సు డ్రైవరు దగ్గర 'ఆన్సీ' అనండి. రాతలో ఉన్నట్టు 'అన్నెసీ' అని పలికితే వాళ్లు ఒక్క క్షణం తికమకపడతారు.

గది స్టేషన్‌కూ సరస్సుకూ మధ్య తీసుకోండి. రెండూ నడిచి వెళ్లగలిగినంత దగ్గరే. పాత ఊరి నడిబొడ్డులో గది అందంగానే ఉంటుంది గానీ గుండ్రాళ్లు పరిచిన సందుల్లో చక్రాల పెట్టె లాగడం, లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కడం పెద్దవాళ్ల వల్ల కాదు. మా నాన్న మోకాళ్లు ఆ పాఠం నేర్పాయి. బూట్లు మెత్తని అడుగు ఉన్నవి వేసుకోండి.

మొదటి ఉదయం: సరస్సు నుంచి ఊళ్లోకి

ఏడు గంటలకల్లా బయటపడండి. పాకియే అనే పెద్ద పచ్చిక మైదానం దగ్గర మొదలుపెట్టండి. ఎదురుగా సరస్సు, దాని వెనక కొండలు. మధ్యలో రంపపు పళ్లలా కనిపించేవి దాఁ ద లాఁఫోఁ, వాటి పక్కన 2,351 మీటర్ల తూర్నెత్. ఇక్కడ చాలామంది ఆ శిఖరాన్ని చూపించి, ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తయిన మోఁ బ్లాఁ అనుకుంటారు, కాదు. మోఁ బ్లాఁ ఈ ఒడ్డు నుంచి కనిపించదు, దాని కోసం మీరు కొండెక్కాలి. ఆ దారి తరువాత చెబుతాను.

ఆ నీళ్లలోకి ఒక్క నిమిషం తొంగి చూడండి. మూడు నాలుగు మీటర్ల లోతున ఉన్న రాయి కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తుంది. ఇది దానంతటది వచ్చిన శుభ్రత కాదు. 1950ల నాటికి ఒడ్డునున్న ఊళ్ల మురుగంతా ఇందులోకే వచ్చేది, సరస్సు పాడైపోతోంది. పోల్ సెర్వెతాజ్ అనే ఊరి వైద్యుడు ఊరూరా తిరిగి చెప్పాడు. 1957లో ఎనిమిది స్థానిక సంస్థలు చేయి కలిపి, సరస్సు చుట్టూ మురుగు గొట్టాన్ని హారంలా తిప్పి, మురుగునంతా దిగువన శుద్ధి చేసే ఏర్పాటు మొదలుపెట్టాయి. ఇప్పుడు ఊరి తాగునీరు ఈ సరస్సుదే. మన చెరువులను తలచుకుంటే నాకు ఆ ఒడ్డున ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

పాకియే చివర ఇనుప రెయిలింగుల వంతెన ఉంటుంది, ప్రేమికుల వంతెన అంటారు. దాని కింద వాసె కాలువ, ఒకవైపు చెట్ల సొరంగంలో పడవలు, మరోవైపు తెరుచుకున్న సరస్సు. వంతెన దాటితే తోట. అందులో క్లోద్ లూయీ బెర్తొలే విగ్రహం ఉంది. సరస్సు ఒడ్డునే ఉన్న తల్వార్ గ్రామంలో 1748లో పుట్టాడు. క్లోరిన్‌తో బట్టలు తెల్లబరచవచ్చని చూపిన రసాయన శాస్త్రవేత్త. మన ఇళ్లలో వాడే బ్లీచింగ్ ద్రవానికి మూలం ఆయన పనే.

తోట దాటగానే తియూ సరస్సు నుంచి విడిపోయే చోటు వస్తుంది. ఇక్కడి నుంచి నీటికి ఎడమ గట్టు పట్టుకోండి. రెండు వందల అడుగులు వేయగానే పెరియేర్ వంతెన, ఎదురుగా పాలే ద లీల్. ఫొటోల్లో చూసిన భవనం ఇదే. 12వ శతాబ్దంలో నది మధ్యనున్న రాతి దిబ్బ మీద కట్టారు. పొద్దున్నే ఇక్కడ మీరూ, నీటికోళ్లూ, షట్టర్లు ఎత్తుతున్న హోటల్ పనివాడూ తప్ప ఎవరూ ఉండరు. వంతెన మీద నుంచి మొదట భవనం మొనను చూడండి. నీరు అక్కడ రెండుగా చీలి, రెండు గోడలనూ రాసుకుంటూ పోతుంది. గోడ అడుగున ఒక చారెడు మేర రాయి నల్లగా, నాచు పట్టి ఉంటుంది, పైన లేత బూడిద రంగు. ఆ గీతే నీటి హద్దు. సరస్సు మట్టం ఎక్కువ తక్కువలు కాకుండా ఊళ్లోని తూములతో అదుపు చేస్తారు కాబట్టి ఇళ్ల గుమ్మాలు నీటికి అంత దగ్గరగా నిలబడగలుగుతున్నాయి.

ఈ భవనం ప్రభువు ఇల్లయింది, నాణేలు ముద్రించే టంకశాల అయింది, న్యాయస్థానమయింది, ఎక్కువ కాలం చెరసాలగా ఉంది. 1865 వరకు ఖైదీలను ఉంచారు, రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ ఉంచారు. మధ్యలో దీన్ని కూల్చేయాలన్న ఆలోచన కూడా వచ్చింది, చివరికి 1900లో చారిత్రక కట్టడంగా గుర్తించి కాపాడారు. లోపలికి వెళ్లాలనుకుంటే ముందురోజే తెరిచి ఉందో లేదో చూసుకోండి. మరమ్మతులకు మూసే కాలాలుంటాయి. ఫ్రాన్స్‌లో చాలా మ్యూజియంలకు మంగళవారం సెలవు కూడా.

అక్కడి నుంచి సాంత్ క్లేర్ వీధిలోకి రండి. ఇళ్ల కింది అంతస్తులు వెనక్కి జరిగి, రాతి కమానుల వరండాలు వీధి పొడవునా సాగుతాయి. వానొచ్చినా తడవకుండా నడవవచ్చు. 18వ నంబరు ఇంటి దగ్గర ఆగండి. 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, ఫ్రెంచ్ భాషకు పెద్ద దిక్కయిన ఫ్రెంచ్ అకాడమీకి దాదాపు 30 ఏళ్ల ముందే, బిషప్ ఫ్రాన్స్వా ద సాల్, న్యాయమూర్తి ఆంత్వాన్ ఫావ్ర్ కలిసి ఒక విద్వత్సభ పెట్టింది ఇక్కడే.

కాఫీ తాగి, జనం రాకముందే కోటకు వెళ్లే ఏటవాలు దారి ఎక్కండి. జెనీవా ప్రభువుల కోట, తరువాత సవోయ్ వంశంలోని ఒక శాఖ వారిది. 1947 వరకు సైనికుల బారకాసు. లోపలి మ్యూజియం ఫరవాలేదు. నా మాట అడిగితే ముంగిట్లో నిలబడి పెంకుల కప్పుల మీదుగా సరస్సును చూడడమే అసలు సంగతి.

దిగేటప్పుడు కేథడ్రల్ వెనకనున్న పాత బిషప్ భవనం ముంగిట్లోకి వెళ్లండి. చిన్న ఫౌంటెన్ చుట్టూ బంగారు పూత పూసిన కటకటాలు కనిపిస్తాయి. 1728లో మట్టల ఆదివారం నాడు, తరువాత తత్వవేత్తగా పేరు పొందిన జాఁ జాక్ రూసో, ఇంకా 16 ఏళ్లు నిండకుండానే, తనను చేరదీసిన మదాం ద వారాన్‌ను ఇక్కడికి దగ్గర్లోనే తొలిసారి కలిశాడు. ఆ చోటు చుట్టూ బంగారు కటకటాలు కట్టించగలిగితే బాగుండును అని తరువాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. సరిగ్గా 200 ఏళ్లకు, 1928లో, ఊరివాళ్లు ఆ కోరిక తీర్చారు. ఒక రచయిత మాటను ఇలా మనసులో పెట్టుకున్న ఊరంటే నాకు గౌరవం.

చాలామంది సాంత్ క్లేర్ ద్వారం దగ్గర వెనుదిరుగుతారు. మీరు వెనుదిరగకండి. నది వెంట దిగువకు, క్రాన్ వైపు మరో పావుగంట నడవండి. అక్కడ అందమైన బాల్కనీలు ఉండవు. నీరు జోరందుకుంటుంది, ఆ జోరుతోనే ఒకప్పుడు నూలు మిల్లులు, కాగితం మిల్లులు, ఇనుప కొలుములు నడిచాయి. ఊరికి అన్నం పెట్టింది ఆ భాగం.

భోజనం

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర. ఈ వేళలు దాటితే మంచి హోటళ్లలో వంట ఉండదు. మూడింటికి ఆకలేస్తే రొట్టెల దుకాణమే గతి.

శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రాంతపు పేరున్న వంట తార్తిఫ్లెత్, అంటే బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, రెబ్లోషోఁ చీజు కలిపి పొయ్యిలో కాల్చింది. అందులో పంది మాంసపు ముక్కలు తప్పనిసరిగా ఉంటాయి. 'సాఁ లార్దోఁ' అని అడగండి, అంటే ఆ ముక్కలు వద్దని. కొన్నిచోట్ల విడిగా చేసిస్తారు. కరిగించిన చీజులో రొట్టె ముక్కలు ముంచుకు తినే ఫోన్ద్యూలో మాంసం ఉండదు గానీ తెల్ల ద్రాక్షసారా పోస్తారు. క్రోజే అనే చిన్న చదరపు పిండి బిళ్లలను చీజుతో వండినది మా అమ్మకు నచ్చింది, వెంట తెచ్చుకున్న కారప్పొడి చల్లుకుని తిన్నది. ఇంకో మాట, ఇక్కడి సంప్రదాయ చీజులను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. నిష్ఠ గలవారు ఇది తెలుసుకుని నిర్ణయించుకోండి.

మంగళ, శుక్ర, ఆదివారాల ఉదయం పాత ఊళ్లో సంత ఉంటుంది. మీ రెండు రాత్రుల్లో ఒక సంత పొద్దు పడేలా చూసుకోండి. రెబ్లోషోఁ కొనేటప్పుడు బిళ్ల మీద అతికిన చిన్న చుక్కను చూడండి. ఆకుపచ్చదైతే ఒకే రైతు తన పశువుల పాలతో ఇంటి దగ్గర చేసినది, ఎర్రదైతే పలువురి పాలు కలిపి డెయిరీలో చేసినది. అమ్మే ఆవిడ బొటనవేలితో మెల్లగా నొక్కి, ఇవాళ తింటారా రేపు తింటారా అని అడిగి దాన్నిబట్టి తీసి ఇస్తుంది. ఈ చీజు పేరు వెనక ఒక కథ ఉంది. మధ్యయుగంలో కౌలు పాలను కొలిచి నిర్ణయించేవారు. భూస్వామి మనిషి కొలవడానికి వచ్చిన రోజున రైతు పొదుగు పూర్తిగా పిండేవాడు కాదు. అతను వెళ్లాక మళ్లీ పిండేవాడు, ఆ రెండోసారి పాలు చిక్కగా ఉండేవి. మళ్లీ పిండడమనే ఆ స్థానిక మాట నుంచే రెబ్లోషోఁ. పాడి తెలిసిన ఎవరికైనా ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు.

రెండో రోజు: సరస్సు చుట్టూ

సైకిలు తొక్కగలిగితే అద్దెకు తీసుకోండి. పడమటి గట్టున దారి దాదాపు చదును, పాత ఆన్సీ–ఆల్బెర్విల్ రైలు కట్టను సైకిలు బాటగా మార్చారు. సరస్సు చుట్టూ పూర్తిగా తిరిగితే సుమారు 40 కిలోమీటర్లు. తూర్పు గట్టున తల్వార్ దగ్గర ఎక్కుడు ఉంది, వాహనాల రోడ్డు పక్కన తొక్కాలి. అలవాటు లేనివారు ద్వెఁ గ్రామం దాకా, సుమారు 12 కిలోమీటర్లు వెళ్లి వెనక్కి వచ్చినా చాలు. అక్కడ పాత రైలు సొరంగం ఉంది. వేసవి ఎండలో తొక్కుకుంటూ వచ్చి అందులోకి దూరగానే ఒంటికి తగిలే చల్లదనం మరవలేరు. బయటికి రాగానే నీటిలోకి చొచ్చుకొచ్చిన చిన్న కోట. దారిలో సెవ్రియేలో గంటలు పోతపోసే పకార్ వంశం వారి మ్యూజియం ఉంది. 1796 నుంచి వాళ్లది ఇదే పని. పారిస్ సాక్రే కెర్ గుడిలో దాదాపు 19 టన్నుల పెద్ద గంట వాళ్లు పోసినదే.

సైకిలు వద్దనుకుంటే తియూ మొదట్లో పడవలు ఎక్కవచ్చు. గంటసేపు తిప్పి తెచ్చేవి ఉన్నాయి, ఊరూరా ఆగేవి ఉన్నాయి. ఆగేవాటిలో తల్వార్‌కు వెళ్లండి. 1896లో చిత్రకారుడు సెజాన్ సరస్సును చిత్రించింది అక్కడి నుంచే.

మోఁ బ్లాఁ చూడాలంటే సెమ్నో కొండ. దాని శిఖరం 1,699 మీటర్లు, ఊరి నుంచి రోడ్డు ఉంది, కొన్ని కాలాల్లో బస్సు కూడా ఉంటుంది. పొద్దున్నే వెళ్లాలి. వేసవిలో మధ్యాహ్నం దాటితే మబ్బులు కమ్మి ఉరుములతో వాన పడడం ఇక్కడ మామూలే. జులైలో కూడా వెంట స్వెటరు, వాన కోటు ఉండాలి.

చివరి సాయంత్రం: కొండ మీది గుడి

పాత ఊరి పైన, క్రే ద్యు మోర్ గుట్ట మీద తెల్లటి విజితాసియోఁ బసిలికా కనిపిస్తుంది. 1922లో మొదలుపెట్టి 1930లో పూర్తి చేశారు. ఎక్కడానికి అరగంట, పెద్దవాళ్లను కారులో తీసుకెళ్లండి. మాట్లాడకుండా లోపలికి వెళ్లి, ముందుకు నడవండి. ఆ విద్వత్సభ పెట్టిన ఫ్రాన్స్వా ద సాల్ అవశేషాలు, ఆయనతో కలిసి 1610లో ఈ ఊళ్లోనే సన్యాసినుల మఠం స్థాపించిన జాన్ ద షాంతాల్ అవశేషాలు అక్కడి మందసాల్లో ఉన్నాయి. ద సాల్ జెనీవా బిషప్. కానీ జెనీవా ప్రొటెస్టెంటుల చేతికి వెళ్లిపోవడంతో ఆన్సీలోనే ఉండిపోయారు. తన మాట వినడానికి రానివారి ఇళ్ల తలుపుల కింద నుంచి కరపత్రాలు దూర్చేవారు. అందుకే 1923లో పోప్ ఆయన్ని పత్రికా రచయితలకు పాలక పునీతుడిగా ప్రకటించారు.

మనవాళ్లు ఇక్కడ కాసేపు ఎక్కువ నిలబడడానికి మరో కారణం ఉంది. 1838లో పియేర్ మరీ మెర్మియే అనే ఫాదరీ ఈ ఫ్రాన్స్వా ద సాల్ పేరు మీద ఒక గురువుల సభ, అంటే ఫాదరీల సంఘం స్థాపించారు. ఆ సభవారు ఈ కొండల్లోంచి బయలుదేరి 1846లో విశాఖపట్నం చేరారు. విశాఖ పాతనగరంలో 1847 నాటి సెయింట్ అలోషియస్ బడి వారిదే. వెనకాలే 1849లో ఆన్సీ సెయింట్ జోసెఫ్ మఠపు కన్యాస్త్రీలు యానాంలో దిగారు. మంచు తప్ప ఉక్కపోత ఎరగని ఈ ఊరి పడుచులు నెలల తరబడి ఓడలో వచ్చి గోదావరి ఒడ్డున కాలు పెట్టారు. వాళ్లు పెట్టిన బళ్లలో ఎన్ని తెలుగు ఇళ్ల ఆడపిల్లలు అక్షరాలు దిద్దారో. మా అమ్మ చిన్నప్పుడు విశాఖలో అలాంటి బడిలోనే చదివింది. గోడ మీద ఆన్సీ పేరు చదివి, మా సిస్టర్లు చెప్పిన ఊరు ఇదేనా అని అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

బయటికి వచ్చాక గుడి ముందు గట్టు మీద నిలబడితే పాత ఊరి కప్పులు, కోట, సరస్సు, దాంట్లోంచి సన్నగా విడిపోయిన తియూ, మీరు మొదటి రోజు నడిచిన దారంతా కనిపిస్తుంది. చీకటి పడకముందే దిగండి, మెట్ల దారిలో దీపాలు తక్కువ.